గ్రూపులో మాట

"నీ ఫోను ఇట్లా ఇయ్యక్కా," అని నళిని చెయ్యి చాపింది.

చిన్నమ్మ బొడ్లో దోపుకున్న ఫోను తీసింది గానీ ఇవ్వలేదు. "ఎందుకు?"

"గ్రూపులో ఏసేదానికి. అందరమూ ఉండాము. నువ్వొక్కదానివే లేవు."

మధ్యాహ్నం అన్నాల వేళ. రోజాపూల తోటలో కట్టలు కట్టే హాలు వెనక, అట్టపెట్టెల నీడలో ఆడవాళ్లు పదిమందికి పైగా కూర్చుని ఉన్నారు. టిఫిను గిన్నెల మూతలు తెరిచి ఉన్నాయి గానీ అందరి చేతుల్లోనూ ఫోన్లే ఉన్నాయి.

"అందరూ అంటే ఎవరెవరు? సారు ఉండాడా అందులో?"

"సారెందుకుంటాడు? మన ఆడోళ్లమే."

"మనం రాసింది సారుకు కనపడదా?"

"కనపడదు."

"నా మొగునికి?"

నళిని నవ్వేసింది. "శేషప్ప మామకు ఫోనే లేదు గదక్కా."

అయినా చిన్నమ్మ పిడికిలి వదలలేదు. ఆ ఫోను మత్తూరులో ఉన్న అల్లుడు తను కొత్తది కొనుక్కుని ఇచ్చిన పాతది. కూతురితో మాట్లాడడానికి తప్ప దాన్ని దేనికీ వాడి ఎరగదు. ఫోనులో ఏదో నొక్కి మోసపోయినవాళ్ల సంగతులు బస్సులో వింటూనే ఉంటుంది. "నేనేమీ రాయకపోయినా నా పేరు కనపడతాదా ఆడ? నా నంబరు గూడా అందరికీ తెలిసిపోతాదా?"

"ఏటీ అవదక్కా," అంది చాందిని. పార్వతీపురం వైపు నుంచి ఏడాదిన్నర కింద వచ్చిన పిల్ల. ఇరవై రెండేళ్లుంటాయి. హాల్లో కట్టల లెక్క రాస్తుంది, తోట పక్కనే కంపెనీ ఇచ్చిన గదిలో ఉంటుంది. ఈ గ్రూపు పెడదామన్నది ఆమే. "ఒకరు రాసింది అందరికీ ఒక్కసారే తెలుస్తాది. షెడ్డుల్లో మాట్లాడుకుంటే సూపర్‌వైజరు వింటున్నాడు కదా. ఇందులో ఎవరూ వినరు."

అందరికీ ఒక్కసారే తెలిసే మాట ఇంకొకరికి తెలియకుండా ఎట్లా ఉంటుందో చిన్నమ్మకు అర్థం కాలేదు. కానీ ఆదిలక్ష్మమ్మ గుర్తొచ్చింది. ఫోను ఇచ్చేసింది.

ఆదిలక్ష్మమ్మ మొన్న శనివారం నాలుగో షెడ్డులో పడిపోయింది. ప్లాస్టిక్ కప్పు కింద ఎకరం మేర రోజా మొక్కలున్న షెడ్డు అది. ముందు రోజు సాయంత్రం పురుగుల మందు కొట్టారు. పరదాలు దించిన షెడ్డులో వాసన రాత్రంతా మగ్గింది. ఫిబ్రవరి నెల, విమానాల్లో పంపే పూలకు తొందర. పొద్దున ఆరున్నరకే అందరినీ లోపలికి తోలారు. పక్క సాలులో కోస్తున్న ఆదిలక్ష్మమ్మ చేతిలోంచి కత్తెర జారింది, తర్వాత మనిషే జారింది. నోటి వెంట చొంగ కారుతుంటే కాళ్ల వైపు పట్టుకుని బయటికి మోసింది చిన్నమ్మే. ఇప్పుడామె కృష్ణగిరి పెద్దాసుపత్రిలో ఉంది. తోట రిజిస్టరులో మాత్రం ఎండదెబ్బ అని రాశారు. ఫిబ్రవరిలో, పొద్దున ఏడు గంటలకు ఎండదెబ్బ.

మందు డబ్బా మీది కాగితాన్ని చాందిని ఫొటో తీసి పెట్టుకుంది. కొట్టాక ఇరవై నాలుగు గంటలు ఎవరూ లోపలికి పోకూడదని దాని మీద ఉందట. ఆ ఫొటోయే గ్రూపులో మొదటిది.

"చూడు, ఏసేసినా," అని నళిని ఫోను తిరిగిచ్చింది. "రోజాపూల అక్కలు అని పేరు."

చిన్నమ్మ ఫోనును అటూ ఇటూ తిప్పి చూసింది. బరువేమీ పెరగలేదు. అయినా మళ్లీ బొడ్లో దోపుకుంటుంటే పరాయి వస్తువులాగే అనిపించింది.

*

సాయంత్రం వ్యానులో ఇంటికి వస్తుంటే నడుము దగ్గర ఫోను మూడుసార్లు మోగింది. తీసి చూసింది. ఒకటి గుండ్రటి తెలుగు అక్షరాల్లో ఉంది, రెండు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. ఆ రెండు రకాల అక్షరాలూ ఆమెకు రావు. కుందారపల్లి బడిలో ఐదు వరకూ చదివింది అరవమే. ఇంట్లో పుట్టినప్పటి నుంచీ మాట్లాడే తెలుగును కాగితం మీద చూసింది తక్కువ, చదివింది ఎప్పుడూ లేదు.

"నళినీ, ఏమని రాసినారు?"

నళిని గట్టిగా చదివి చెప్పింది. కాసేపటికి ఫోను మళ్లీ మోగింది. మళ్లీ అడిగింది చిన్నమ్మ.

"అయ్యో అక్కా, నీకు చదివి చెప్పేదానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టాల."

వ్యానంతా నవ్వింది. చిన్నమ్మ కూడా నవ్వింది. కానీ ఆ తర్వాత అడగలేదు. నలభై ఆరేళ్ల మనిషి, తోటలో అందరికంటే శుభ్రంగా కాడ కోసే మనిషి, చదివి పెట్టమని దేబిరించడం ఏమిటనిపించింది.

శూలగిరిలో నళిని దిగిపోయింది. మిగతావాళ్లు ఒక్కొక్కరే దారిలో దిగారు. చివరికి కుందారపల్లి ఒక్కటే మిగిలింది. ఆరేళ్లుగా ఆఖరున దిగేది చిన్నమ్మే. ఆఖరి రెండు మైళ్లూ ఆమె, డ్రైవరు వేలు, ఇద్దరే. ఒకసారి శేషప్పకు ఛాతీ నొప్పి వస్తే అడగగానే వ్యాను తిప్పి కృష్ణగిరికి తీసుకుపోయినవాడు.

"ఏమప్పా వేలూ, నీకు తెలుగు చదివేదానికి వస్తాదా?"

"వస్తాదక్కా. మా అమ్మ పుట్టిల్లు కుప్పం గదా. ఆడ మూడేండ్లు చదివినా."

అతను వ్యాను పక్కకు ఆపి ఫోను తీసుకున్నాడు. చదివి చెప్పాడు. అంతటితో ఊరుకోలేదు, ఇంటి దగ్గర ఉన్నప్పుడు ఎట్లా అని నేర్పాడు కూడా.

"ఆ రాతను ఏలుతో నొక్కిపెట్టుకో. పైన వంకర బాణం వస్తాది. దాన్ని నొక్కు. ఇదో, ఈ బొమ్మ చూడు, దండ ఏసిన నా వండి, ఈ వ్యానే. ఆ బొమ్మను నొక్కితే నాకొచ్చేస్తాది. ఏముండాదో నేను మాటల్లో చెప్పి పంపిస్తా. నువ్వు ఇనుకో."

ఇంటికి పోయి ఒకటి పంపి చూసింది. అరగ్లాసు టీ తాగేలోపు వేలు గొంతు ఫోనులోంచి వినిపించింది. 'చాందిని అంటా ఉండాది అక్కా, ఆదిలక్ష్మమ్మకు ఈ పొద్దు నోట్లోకి గంజి దిగిందంట.' చిన్నమ్మ దాన్ని రెండుసార్లు విన్నది. ఆ తర్వాత గ్రూపులో ఒక దండం బొమ్మ పెట్టింది. అది ఎవరి సాయమూ లేకుండా తనే వెతికి పెట్టింది. ఆమె పెట్టిన బొమ్మ కింద ఇంకో నలుగురు దండాలు పెట్టారు.

*

మంగళవారం సాయంత్రం నాలుగో షెడ్డుకు మళ్లీ మందు కొట్టారు. ఇంటికి చేరేసరికి నళిని రాసిన పెద్ద మాట ఒకటి వచ్చి ఉంది. చిన్నమ్మ బాణం నొక్కి, దండ వేసిన బండి బొమ్మను నొక్కింది. కొంతసేపటికి వేలు చదివి పంపాడు. 'రేపు పొద్దున ఎవరూ నాలుగో షెడ్డు లోపలికి పోకూడదంట. పది గంటలకు పరదాలు ఎత్తి గాలి ఆడేదాకా వాకిట్లోనే నిలబడాలంట. డబ్బా మీద ఇరవై నాలుగు గంటలని ఉన్నా, అంతసేపు అడిగితే ఇంటికి పొమ్మంటారు, అందుకని పది దాకా అడుగుదామంట. అందరూ సరే అంటే బొటనవేలు పెట్టాలంట.'

చిన్నమ్మ బొటనవేలు పెట్టింది. పెట్టాక భయం వేసింది. కానీ తన వేలి కింద ఇంకా తొమ్మిది వేళ్లు వచ్చి చేరాయి.

బుధవారం పొద్దున వ్యాను తోటలో ఆగేసరికి మేనేజరు ధనశేఖర్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. ధర్మపురి మనిషి, ఎప్పుడూ ఎనిమిదికి ముందు రాడు.

"ఏమమ్మా నళినీ," అన్నాడు నవ్వుతూ. "పది గంటల దాకా వాకిట్లో నిలబడతారంట? నిలబడితే కాళ్లు నొప్పి పెడతాయి గదా."

దిగబోతున్న నళిని కాలు మెట్టు మీదే ఆగిపోయింది.

అతను చేతిలో చీటీ చూసి పేర్లు పిలిచాడు. ఇద్దరు ఒకటో షెడ్డుకు, ఇద్దరు మూడుకు, ముగ్గురు హాలుకు. కూడి నిలబడడానికి మనుషులు మిగలకుండా చేశాడు. నళినినీ చిన్నమ్మనూ నాలుగుకు పంపి, తను వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. లోపలికి రాలేదు.

లోపల గాలి నాలుకకు చేదుగా తగిలింది. చిన్నమ్మ కొంగును ముక్కుకు రెండు చుట్లు చుట్టి ముడి వేసింది. మొగ్గ చూసి, కాడ మీద ఐదాకుల రెమ్మలు రెండు కిందికి లెక్కబెట్టి, దాని పైన కత్తెర వేసి, పువ్వును ఎడమ చేతి సందులోకి తీసుకోవాలి. ఇరవై ఐదు కాగానే నీళ్ల బకెట్లో దించాలి. చేతులు వాటంతటవే చేసుకుపోతున్నాయి. కళ్లు మండుతున్నాయి.

"చెప్పినారు," అంది నళిని పక్క సాలులోంచి. "మనలో ఎవురో చెప్పినారు. పదిగంటలని గూడా చెప్పినారు. వాకిట్లో అనే మాట గూడా చెప్పినారక్కా."

"ఎవురు?"

"అదే తెలియాల."

ఆ రోజు సాయంత్రం వ్యానులో ఎవరూ పక్కవాళ్ల ఫోను వైపు చూడలేదు, తమ ఫోను పక్కవాళ్లకు కనపడనివ్వలేదు. గ్రూపు చడీచప్పుడు లేకుండా ఉంది. చిన్నమ్మ ఒక్కొక్కరి ముఖమూ చూసింది. కిటికీ దగ్గర కూర్చున్న మనిషికి మేనేజరు పోయిన నెల అడ్వాన్సు ఇచ్చాడు. ఆమె కావచ్చు. ముందు కూర్చున్న అమ్మాయి అన్న ఇదే తోటలో కాపలాదారు. ఆమె కూడా కావచ్చు. ముందే అనుకున్నాను గదా, అందరికీ తెలిసే మాట దాగదని, అనుకుంది. ఆ అనుమానం తనకు మొదటే వచ్చినందుకు ఒక విధంగా గర్వంగా కూడా అనిపించింది.

*

గురువారం మధ్యాహ్నం అన్నాల వేళకు చాందిని రాలేదు. ఆఫీసుకు పిలిచారని ఎవరో చెప్పారు.

చిన్నమ్మ బకెట్లు కడగడానికి ఆఫీసు ముందు కుళాయి దగ్గరికి పోయింది. అద్దాల తలుపులోంచి లోపలికి కనపడింది. ధనశేఖర్ బల్ల వెనక ఉన్నాడు. బల్లకు ఇవతల కుర్చీలో చాందిని కూర్చుని ఉంది. ముందు ఒక కాగితం, చేతిలో పెన్ను. చిన్నమ్మ బకెట్టు నిండి నీళ్లు పొర్లుతున్నా చూస్తూనే ఉండిపోయింది. ఆరేళ్లలో ఆ గదిలోకి ఆమె నాలుగైదుసార్లు పోయింది. కూర్చోమని ఎప్పుడూ ఎవరూ అనలేదు.

తిరిగి వచ్చి అట్టపెట్టెల దగ్గర కూర్చున్న ఆడవాళ్లతో అంది. "లోపల కుర్చీ మీద కూర్చోబెట్టినాడు. ఏమో రాసిస్తా ఉండాది."

ఒకరినొకరు చూసుకున్నారు. నళిని తినబోయిన ముద్ద గిన్నెలోనే పెట్టేసింది.

"కుర్చీ మీదనా?"

"కండ్లారా చూసినా."

"ఉండేది కంపెనీ రూములో," అంది నళిని నెమ్మదిగా. "గ్రూపు పెడదామనింది తనే. అందరినీ ఒక చోట చేర్చింది తనే." ఒక్కొక్క మాటా అంటుంటే ఆమె ముఖం బిగుసుకుంటూ వచ్చింది. అందరికీ లెక్క సరిపోయినట్టే ఉంది. చిన్నమ్మ కూడా తల ఊపింది. తమ ఊరు కాని, తమవాళ్లు కాని పిల్ల. అనుమానం అక్కడికి చేరాక ఒకరి ముఖాలు ఒకరు తేలికగా చూసుకోగలిగారు.

నళిని అక్కడే ఫోను తీసి చాందినిని గ్రూపులోంచి తీసేసింది.

సాయంత్రం చాందిని హాల్లోకి వచ్చేసరికి కట్టలు కట్టేవాళ్లు ఆమెకు వీపు తిప్పి నిలబడ్డారు. "అక్కా, నా ఫోన్లో గ్రూపు ఓపెన్ అవట్లేదు..." అని మొదలుపెట్టింది. ఆ పిల్ల ఒక్కొక్క వీపునూ చూసింది. అర్థం చేసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. పుస్తకం తీసుకుని హాలు చివరికి పోయి లెక్క రాసుకుంది. చిన్నమ్మ రబ్బరు బ్యాండు వేస్తూ, దొంగతనం బయటపడినవాళ్ల చేతులు వణుకుతాయా లేదా అని ఆమె చేతుల వైపు చూసింది. వణకడం లేదు. గట్టి పిల్లే అనుకుంది.

శుక్రవారం నళిని గ్రూపులో రాసింది. వేలు చదివి పంపాడు. 'సోమవారం పని మానేసి హోసూరుకు పోయి లేబరు ఆఫీసులో అర్జీ ఇస్తారంట అక్కా. ఆదిలక్ష్మమ్మ ఆసుపత్రి చీటీ తీసుకొని పోతారంట. ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు గదా, భయం లేదంట.'

*

శనివారం పొద్దున ఇద్దరూ ఆరో షెడ్డులో పూలు కోస్తుండగా ధనశేఖర్ సాలులోకి నడిచి వచ్చాడు.

"హోసూరుకు పోతావా నళినీ? ఎన్ని గంటల బస్సుకు?"

నళిని తలెత్తకుండా కోసిన పూలను బకెట్లో దించింది.

"నేను ఊరికే అంటా ఉండానా? చూడు." జేబులోంచి ఫోను తీసి ఆమె ముఖానికి దగ్గరగా పెట్టాడు. "ఇది నీ రాత కాదా? చదువు. సోమవారం ఎవరెవరు రారో వాళ్లు మంగళవారం గూడా రావద్దు. ఇదీ నీ గ్రూపులో రాయి."

నళిని తన మాటలను తనే అక్షరం వెంట అక్షరం చదువుకుంటూ ఉండిపోయింది. వెనక నిలబడిన చిన్నమ్మకు ఆ అక్షరాలతో పని లేదు. ఆమె కళ్లు పైకి పోయాయి. రాతకు పైన, ఫోను అంచున, మేనేజరు బొటనవేలి పక్కన గుండ్రటి చిన్న బొమ్మ ఉంది. దండ వేసిన తెల్ల బండి.

ధనశేఖర్ ఫోను జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

"చాందిని లేదు గదక్కా గ్రూపులో," అంది నళిని. ఆమె గొంతు చాలా చిన్నగా ఉంది. "తీసేసినాము గదా. మరి ఇదెట్లా పోయింది?" తనే అటూ ఇటూ చూసి, దగ్గరికి వచ్చి, "ఆ కాపలావాని చెల్లెలు. అదే అయ్యుంటాది. నువ్వేమంటావు?" అంది.

చిన్నమ్మ చేతిలో ఉన్న పువ్వు కాడను లెక్క తప్పి కిందికి, గట్టి కొమ్మలోకి కోసింది. ఆరేళ్లలో అట్లా కోయడం అదే మొదలు.

సాయంత్రం అందరూ దిగిపోయారు. కుందారపల్లి దగ్గర వ్యాను ఆగింది. చిన్నమ్మ దిగలేదు.

"నేను పంపిందంతా సారుకు పంపినావా అప్పా?"

వేలు అద్దంలో ఆమెను చూసి, వెంటనే చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు. అబద్ధమాడతాడేమోనని ఎదురు చూసింది. ఆడలేదు.

"సారు అడిగినాడక్కా. ఆడోళ్లేదో గ్రూపు పెట్టుకోనుండారు, వండిలో ఏమన్నా ఇనపడితే చెప్పమన్నాడు. మార్చిలో నా వండి కాంట్రాక్టు మళ్లా రాయాల. నేనేమీ కలిపి చెప్పలేదు. వచ్చింది వచ్చినట్టు పంపినా."

"నేను నీకు పంపింది చదివి చెప్పేదానికి గదప్పా."

"చదివి చెప్పినా గదక్కా."

ఆమె వ్యానులో ఖాళీ సీట్లను చూసింది. ఆ సీట్లలో కూర్చునే ఒక్కొక్కరినీ ఈ నాలుగు రోజుల్లో దొంగను చేసి చూసింది. ఇతన్ని మాత్రం చూడలేదు. తనను చూసుకోలేదు.

"నీ పేరు సారుకు చెప్పలేదక్కా," అన్నాడు వేలు. "నీకు నాకు తప్ప ఎవురికీ తెలీదు. నువ్వు గమ్మునుంటే సరిపోతాది."

చిన్నమ్మ దిగింది. వ్యాను తిరిగి వెళ్లిపోయేదాకా రోడ్డు పక్కనే నిలబడింది. ఇంటికి పోయి రాగి సంగటి గెలికింది, మొగుడికి పెట్టింది. గమ్మునుంటే సరిపోతుందన్న మాట నిజమే. అదే ఆమెకు ముద్ద దిగనివ్వలేదు.

*

ఆదివారం తోటలో సగం పూటే పని, ఆమె వంతు లేదు. అయినా బస్సెక్కి శూలగిరిలో దిగి, తోట పక్కనున్న గదుల దగ్గరికి నడిచింది. చాందిని గది తలుపు తెరిచే ఉంది. నేల మీద సంచీ, మడత పెట్టిన బట్టలు ఉన్నాయి.

"యాడికి పోతా ఉండావమ్మా?"

"రేపటికల్లా రూము ఖాళీ చెయ్యమన్నారు." చాందిని తలెత్తలేదు. "మీరెందుకొచ్చారు?"

చిన్నమ్మ గడప బయటే నిలబడి చెప్పింది. అక్షరాలు రాకపోవడం, బాణం, వేలు, దండ వేసిన బండి, అంతా చెప్పింది. చెబుతుంటే అది తనకే చిన్నపిల్లల సాకులా వినిపించింది. చాందిని దుప్పటి మడత పెడుతూనే విన్నది.

"తెలియక చేశారు," అంది చివరికి. "సరే."

"అదొక్కటే కాదమ్మా. ఆఫీసులో నువ్వు కుర్చీ మీద కూర్చోనుంటే చూసింది నేను. వచ్చి అందరికీ చెప్పింది నేను. అది తెలియక చేసింది కాదు."

దుప్పటి మడత పెట్టే చేతులు ఆగాయి. మొదటిసారి ఆ పిల్ల ముఖంలో కోపం కనపడింది.

"ఏం చూశారు? గ్రూపులో ఎవరెవరున్నారో పేర్లు రాయమన్నారు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా. లేస్తే కూర్చోమన్నారు. బాత్రూముకి వెళ్తానంటే రాసి వెళ్లమన్నారు. నేను నా పేరొక్కటే రాశాను. ఇంకోటి రాయలేదు." దుప్పటిని సంచీ మీద పడేసింది. "ఒక్కరైనా అడిగారా నన్ను? లోపల ఏటి జరిగిందని ఒక్కరు, ఒక్కరడిగారా?"

"లేదమ్మా."

"మరి ఇప్పుడు నాకు చెప్పి ఏటి లాభం? నన్ను తీసేసింది ఇక్కడ కాదు కదా, గ్రూపులో. అక్కడ చెప్పండి."

"నాకు ఆ అక్షరాలు..."

"అది నాకు తెలీదు," అని చాందిని బట్టల వైపు తిరిగింది.

చిన్నమ్మ వరండా మెట్టు మీద కూర్చుంది. ఫోను తీసింది. మాటల్లో చెప్పి పంపవచ్చని తెలుసు, వేలు పంపేవాడు గదా. రెండుసార్లు మొదలుపెట్టింది. రెండుసార్లూ ఏడుపు అడ్డం వచ్చి వదిలేసింది. ఏడుపు వినిపిస్తే జాలిపడతారు. జాలి అడగడానికి రాలేదు. కూతురికి పేరు రాయడం నేర్పిన అరవ అక్షరాలు ఫోనులో ఎక్కడున్నాయో ఆమెకు తెలుసు. ఒక్కొక్కటే వెతికి నొక్కడం మొదలుపెట్టింది. మాటలు తెలుగువి, అక్షరాలు అరవవి. అరవంలో గ-కు, ద-కు వేరే అక్షరాలు లేవు. చాందిని పేరు సాంతిని అయింది. తప్పుగా పడిన దాన్ని చెరుపుతూ, మళ్లీ నొక్కుతూ ఎండ మెట్టు మీదికి వచ్చేదాకా రాసింది.

'సారుకు చెప్పింది చాందిని కాదు. నేను. నాకు మీ అక్షరాలు రావు. డ్రైవరు వేలుకు పంపి చదివించుకుంటిని. వాడు సారుకు పంపినాడు. చాందిని ఎవురి పేరూ రాయలేదు. కుర్చీ మాట గూడా నేనే అంటిని. చిన్నమ్మ.'

పంపినవాళ్ల పేరు ఎట్లాగూ కనపడుతుందని తెలిసినా చివర పేరు రాసింది. పంపింది.

ఎవరూ ఏమీ రాయలేదు. తోటలో సగం మందికి అరవం చదవడం వచ్చు. మిగతావాళ్లకు వాళ్లు చెబుతారు. చిన్నమ్మ ఆ రాతనే చూస్తూ కూర్చుంది. కొంతసేపటికి కింద బూడిదరంగులో చిన్న వరుస ఒకటి వచ్చింది. అదేమిటో ఆమెకు చదవడం రాలేదు. కానీ అక్షరాలు నొక్కే చోటు మాయమైపోయింది. ఎక్కడ నొక్కినా రాలేదు. తననూ తీసేశారని అర్థమైంది.

చాందినికి చెప్పకుండానే లేచి రోడ్డు మీదికి నడిచింది. బస్సు కోసం నిలబడి ఉండగా ఎదురుగా నళిని స్కూటరు వచ్చింది. చిన్నమ్మను చూసింది, ఆపలేదు. తోట దారి పట్టింది. పావుగంటకు అదే స్కూటరు తిరిగి వెళ్లింది. వెనక చాందిని కూర్చుని ఉంది, ఇద్దరి మధ్యా సంచీ ఉంది.

*

సోమవారం వేలు వ్యాను హారను కొడితే చిన్నమ్మ బయటికి రాలేదు. అది పోయాక టౌను బస్సుకు పోయింది. శూలగిరి నుంచి నడిచి తోట చేరేసరికి ఏడు కావస్తోంది. ముందురోజు సాయంత్రం నాలుగో షెడ్డుకు మందు కొట్టినట్టున్నారు, గేటు దగ్గరికే వాసన తగిలింది.

నాలుగో షెడ్డు వాకిట్లో ఆడవాళ్లు వరుసగా నిలబడి ఉన్నారు. కత్తెరలు చేతుల్లోనే ఉన్నాయి. నళిని పక్కన చాందిని ఉంది. నడిచి వస్తూ చిన్నమ్మ తల తలా లెక్కబెట్టింది. పన్నెండు. హోసూరు ప్రయాణం మానుకుని వాకిట్లోనే నిలబడదామని నిన్న సాయంత్రం వీళ్లు ఒకరింటికి ఒకరు పోయి చెప్పుకుని ఉంటారు. తన ఇంటికి ఎవరూ రాలేదు.

కొట్టుగదిలోకి పోయి తన కత్తెర తీసుకుంది. తిరిగి వచ్చి వరుస చివర, మూరెడు ఎడంగా నిలబడింది. ఎవరూ తల తిప్పలేదు. పొమ్మని కూడా అనలేదు.

ధనశేఖర్ ఎనిమిదికి వచ్చాడు. ఈసారి చేతిలో చీటీ లేదు. వరుసను చూసి ఆగిపోయాడు. వ్యాను దగ్గరున్న వేలును కేకేసి పిలిచాడు.

"నిన్న ఏమీ రాలేదా?"

"లేదు సార్," అన్నాడు వేలు నేల చూస్తూ. "శనివారం నుంచీ ఏమీ రాలేదు."

ధనశేఖర్ వరుస వెంట నడిచాడు. పూలు చల్లగదికి పోవలసిన వేళ దాటిపోతోందని, లారీ నిలబడి ఉందని అరిచాడు. ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూస్తూ చివరికి వచ్చాడు. ఎడంగా నిలబడిన మనిషిని చూసి గొంతు తగ్గించాడు.

"చిన్నమ్మా, నీకెందుకు వీళ్లతో? నువ్వు లోపలికి పో. నువ్వు పోతే ఒక్కొక్కరే వస్తారు. నిన్ను నేను చూసుకుంటా."

వరుస మొత్తం వింటోందని ఆమెకు తెలుసు.

"పది కానీయండి సార్," అంది. "పోతాను."

అతను జేబులోంచి ఫోను తీసి యజమానికి చేశాడు. ఆడవాళ్లు షెడ్డులోకి పోవడం లేదని చెప్పాడు. అవతల ఏదో అడిగినట్టున్నారు. ఫోను చెవి నుంచి కొంచెం పక్కకు తీశాడు.

"ఎంతమంది మీరు? ఓనరు అడుగుతా ఉండాడు."

నళిని వరుస మొదట్లోంచి ముందుకు వంగి చివరిదాకా చూసింది. చూపు మూరెడు ఖాళీని దాటి చిన్నమ్మ మీద ఆగింది. ఆ ముఖంలో మెత్తదనం ఏమీ లేదు.

"పదమూడు మంది సార్," అంది.